చిత్తుపుటల చిత్రకళ: వ్యక్తిగత స్కెచ్‌బుక్ - ఆత్మవికాసం

వ్యాససంగ్రహం:
ప్రదర్శన కోసం కాక, తన కోసమే నిర్వహించుకొనే స్కెచ్‌బుక్ మనిషి ఎదుగుదలకు ఏ విధంగా తోడ్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. లియొనార్డో డావిన్చి, రవీంద్రనాథ్ ఠాగూర్, కార్ల్ యూంగ్, మారియన్ మిల్నర్‌ల అనుభవాలను ఇందుకు ఆధారంగా తీసుకోవడమైనది. స్కెచ్‌బుక్ ప్రయోజనం అందులోని బొమ్మల అందంలో కాక, పొరపాటును దాచకుండా నిలుపుకోవడంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్కెచ్‌బుక్, చిత్తుప్రతి, పరిశీలన, కొట్టివేత, ఏకాంతం, ఆత్మవికాసం.

1. ఉపోద్ఘాతం:
తెలుగునాట బడికి వెళ్లే పిల్లల సంచిలో రఫ్ నోటు, ఫెయిర్ నోటు అని రెండు రకాల పుస్తకాలుంటాయి. సాహిత్య పరిభాషలో వీటిని చిత్తుప్రతి, శుద్ధప్రతి అనవచ్చు. ఉపాధ్యాయుడు దిద్దేది, మార్కులు వేసేది శుద్ధప్రతికే. చిత్తుపుస్తకం ఏడాది చివర తూకానికి పోతుంది. అయితే లెక్క తప్పింది, మళ్లీ కుదిరింది ఆ చిత్తులోనే. ఒక కవి స్వహస్తంతో రాసుకున్న చిత్తుప్రతి లభిస్తే పరిశోధకుడు ఎంత సంబరపడతాడో తెలిసిందే. ముద్రిత గ్రంథంలో కనిపించని సందేహాలు, మార్పులు, విరమణలు అక్కడ కనిపిస్తాయి. ఒక మనిషి తన ఎదుగుదలకు తానే దాచుకొనే ఇటువంటి చిత్తుప్రతి స్కెచ్‌బుక్. దీనిని ఎన్నటికీ శుద్ధప్రతిగా మార్చనవసరం లేదు. దాని విలువను గ్రహించడానికి ముందు, గీయడం అనే క్రియ మనిషిలో తెచ్చే మార్పును పరిశీలించాలి.

2. చూపును సరిదిద్దే పుట:
బల్లమీద ఉన్న ఇత్తడి గ్లాసును గీయమంటే తొలిసారి గీసేవారు సాధారణంగా అంచును గుండ్రంగా గీసి, అడుగును అడ్డంగా తిన్నని గీతతో ముగిస్తారు. గ్లాసు మూతి గుండ్రన, అడుగు సమతలం అని వారికి తెలుసు. తెలిసినదాన్నే చేయి గీస్తుంది. కానీ కంటికి దిగువన ఉన్న గ్లాసు మూతి వర్తులంగా కాక నొక్కుకుపోయిన అండాకారంగా కనిపిస్తుంది. అడుగు కూడా వంపుగానే కనిపిస్తుంది. పైగా అది కంటి మట్టానికి మరింత దిగువన ఉండడం వల్ల అక్కడి వంపు మూతి వంపుకంటే ఎక్కువ గుండ్రంగా ఉంటుంది. ఈ సంగతిని వాక్యరూపంలో చదివి మరచిపోవచ్చు. అదే గ్లాసును పదిసార్లు గీసి, పదిసార్లూ తప్పినవారు మరచిపోరు.

ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1857లో ప్రచురించిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ డ్రాయింగ్’ గ్రంథంలో చిత్రలేఖనాన్ని చూపుకు శిక్షణగానే భావించాడు. శిష్యులను చిత్రకారులుగా తయారుచేయడంకంటే ప్రకృతిని నిశితంగా చూడగలిగేలా చేయడం ఆయనకు ముఖ్యం. గీయడానికి జ్ఞాపకశక్తితోనూ సంబంధం ఉంది. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వెల్లడించిన ప్రయోగాలలో, పదాలను రాసుకున్నప్పటికంటే వాటిని బొమ్మలుగా గీసుకున్నప్పుడు అవి ఎక్కువగా గుర్తున్నాయి. బొమ్మ బాగా రాకపోయినా ఈ ఫలితం తగ్గలేదు. అంటే గీయడం వల్ల కలిగే మేలు చేతి నైపుణ్యం ఉన్నవారికి మాత్రమే పరిమితం కాదు.

3. చెరపని గీత:
లియొనార్డో డావిన్చి (1452-1519) రాసి, గీసుకున్న పుటలలో దాదాపు 7,000 నేటికీ లభిస్తున్నాయి. నీటి సుడులు, పక్షుల రెక్కలు, శరీరంలోని కండరాలు, ఇంటి ఖర్చుల లెక్కలు వాటిలో పక్కపక్కనే ఉంటాయి. అక్షరాలు కుడినుంచి ఎడమకు, అద్దంలో చూసి చదువుకొనేలా సాగుతాయి. రహస్యం కోసం ఇలా రాశాడని కొందరంటారు. ఎడమచేతి వాటం కావడం వల్ల సిరా అలుక్కుపోకుండా ఇలా రాశాడని మరికొందరి అభిప్రాయం. కారణం ఏదైనా, ఆ పుటలు ఆయన జీవించి ఉండగా ముద్రణకు నోచుకోలేదు.

చిత్రకారుడు చిన్న పుస్తకాన్ని వెంట ఉంచుకొని, మనుషులు మాట్లాడుకొనే, పోట్లాడుకొనే, నవ్వుకొనే తీరును అప్పటికప్పుడు గీసుకోవాలని లియొనార్డో సలహా ఇచ్చాడు. గీతలు చెరిగిపోని విధంగా రంగు పూసిన కాగితాన్ని వాడాలని, పాత పుస్తకం నిండితే దానిని దాచి కొత్తది తీసుకోవాలని సూచించాడు. చెరపడానికి వీలులేని కాగితాన్ని కోరి ఎంచుకోవడం ఇక్కడ గమనించదగినది. చెరిపివేసిన గీత ఏమీ నేర్పదు. ఉండిపోయిన తప్పు గీత పక్కన సరైన గీత చేరినప్పుడు, రెండింటి మధ్య ఉన్న దూరమే అభ్యాసానికి కొలత అవుతుంది.

4. కొట్టివేతలో పుట్టిన బొమ్మ:
పొరపాటును నిలుపుకోవడమే కాదు, దానినుంచి కొత్త సృష్టి చేయవచ్చునని రవీంద్రనాథ్ ఠాగూర్ అనుభవం నిరూపిస్తుంది. 1924లో అర్జెంటీనాలో విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉన్నప్పుడు ఆయన ‘పూరబి’ కవితలు రాస్తున్నాడు. నచ్చని పదాలను కొట్టివేసి, ఆ కొట్టివేతలను గీతలతో కలిపేవాడు. అలా కలిసిన గీతలు పక్షులుగా, వింతజంతువులుగా, ముఖాలుగా మారాయి. ఆ పుటలను చూసిన ఒకాంపో వాటిలోని శక్తిని గుర్తించింది. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన చిత్రాల తొలి ప్రదర్శన ఆమె సహకారంతోనే జరిగింది. అప్పటికి ఆయన వయస్సు 69 ఏళ్లు. జీవితాంతానికి గీసిన చిత్రాలు 2,000 పైచిలుకు.

నోబెల్ పురస్కారం పొందిన కవికి భాషలో ఒక ప్రతిష్ఠ ఉంది, దానిని నిలుపుకోవలసిన బరువూ ఉంది. గీతలో ఆ బరువు లేదు. ఎవరూ ఏమీ ఆశించని చోట ఆయన మళ్లీ అభ్యాసకుడు కాగలిగాడు. తన చిత్రాలకు పేర్లు పెట్టడానికి ఆయన ఇష్టపడకపోవడాన్ని కూడా ఈ స్వేచ్ఛలో భాగంగా అర్థం చేసుకోవచ్చు.

5. మనఃస్థితిని చదువుకొనే పుట:
స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1918-19 కాలంలో నిర్బంధిత ఆంగ్ల సైనికుల శిబిరానికి అధికారిగా ఉంటూ, ప్రతి ఉదయం ఒక నోటుపుస్తకంలో చిన్న వర్తులచిత్రం గీసుకొనేవాడు. అది ఆనాటి తన మనఃస్థితికి అనురూపంగా ఉండేదని ఆయన తన జ్ఞాపకాల గ్రంథంలో పేర్కొన్నాడు. ఆయన ఊహాచిత్రాలకు కళావిలువ ఉందని, వాటిని కళగానే పరిగణించాలని పట్టుబట్టిన ఒక మహిళ నుంచి ఒకసారి ఉత్తరం వచ్చింది. అది ఆయనను కలవరపెట్టింది. మరునాడు గీసిన వర్తులంలో అంచు ఒకచోట పగిలి, సౌష్ఠవం చెడిపోయింది. ఒక ప్రేక్షకురాలి తీర్పు చేరగానే పుట ఎలా కంపించిందో ఈ సంఘటన తెలుపుతుంది. ఆయన ఏళ్ల తరబడి చిత్రించి, రాసుకున్న ‘రెడ్ బుక్’ ఆయన మరణించిన 48 ఏళ్ల తరువాత, 2009లో గాని వెలువడలేదు.

బ్రిటిష్ మనోవిశ్లేషకురాలు మారియన్ మిల్నర్ 1950లో జోవానా ఫీల్డ్ అనే కలంపేరుతో ‘ఆన్ నాట్ బీయింగ్ ఏబుల్ టు పెయింట్’ గ్రంథాన్ని ప్రచురించింది. ముందస్తు ప్రణాళిక లేకుండా చేతిని స్వేచ్ఛగా సాగనిచ్చినప్పుడు, తాను అనుకున్న భావానికి భిన్నమైనది కాగితంమీద వెలువడడాన్ని ఆమె గమనించింది. శీర్షికలోనే తన అశక్తతను అంగీకరించిన ఆ గ్రంథం, బొమ్మ కుదరకపోవడాన్నే పరిశోధనాంశంగా స్వీకరించింది.

6. ఏకాంతం - గురువు:
ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఎవరికీ చూపకపోతే తప్పులే అలవాటుగా స్థిరపడవా? చిత్రవిద్యలో గురువు అవసరాన్ని కాదనలేము. రాజమహేంద్రవరానికి చెందిన దామెర్ల రామారావు (1897-1925) ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినవాడు అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. రామారావు అనంతరం బొంబాయిలోని జె.జె. కళాశాలలో శిక్షణ పొందాడు. గురువు చూపు లేనిదే ఆ వికాసం అంత త్వరగా సాధ్యమయ్యేది కాదు.

అయితే గురువు దిద్దే పుట వేరు, తనతో తాను మాట్లాడుకొనే పుట వేరు. మొదటిది విద్యకు, రెండవది ధైర్యానికి. నేడు గీసిన బొమ్మ ఆరకముందే ఫోనులో పదిమందికి చేరుతోంది. మెచ్చుకోలు వచ్చిన రీతినే చేయి మళ్లీ మళ్లీ అనుసరిస్తుంది. మెచ్చుకోలు రానిదాన్ని ప్రయత్నించడమే మానుకుంటుంది. చిత్తుపుట శుద్ధప్రతిగా మారిపోవడం వల్ల కలిగే నష్టం ఇదే.

7. నిర్వహణ పద్ధతి:
పై అనుభవాలనుంచి అభ్యాసకులకు ఉపకరించే కొన్ని సూత్రాలను గ్రహించవచ్చు.
అ) సంచిలో పట్టే చిన్న పుస్తకాన్ని ఎంచుకోవాలి. ఖరీదైన కాగితం తప్పు చేయడానికి జంకు కలిగిస్తుంది.
ఆ) రబ్బరు వాడకుండా, పెన్నుతో గీయడం మేలు. పుటలను చింపకూడదు.
ఇ) ప్రతి పుటకూ తేదీ వేయాలి. కుదిరితే గీసిన చోటు, చూసినదాని గురించి ఒక వాక్యం రాయాలి.
ఈ) నెలకొకసారి అదే వస్తువును మళ్లీ గీయాలి. పోలిక మరొకరి బొమ్మతో కాక, తన పాత పుటతో ఉండాలి.
ఉ) మూడు నెలలకొకసారి వెనక్కి తిప్పి చూడాలి. పదేపదే వచ్చిన వస్తువులేమిటో, తప్పించుకున్నవేమిటో గుర్తించాలి.

8. ముగింపు:
వ్యక్తిగత స్కెచ్‌బుక్ తెలిసినదాన్ని పక్కనపెట్టి కనిపించేదాన్ని చూడడం నేర్పుతుంది. చెరపని గీత ద్వారా అభ్యాసాన్ని నమోదు చేస్తుంది. పేరుప్రతిష్ఠలున్నవారికి సైతం మళ్లీ మొదటినుంచి నేర్చుకొనే అవకాశమిస్తుంది. మాటకు అందని మనఃస్థితిని రేఖారూపంలో నిలుపుతుంది. వీటన్నింటికీ మూలం, ఆ పుటకు పరీక్షకుడు లేకపోవడమే. మార్కులకు లోబడని ఒక చిత్తుపుస్తకాన్ని విద్యార్థికి మిగల్చడం, అధ్యాపకుడు తనకూ ఒకటి ఉంచుకోవడం నేటి బోధనారంగంలో ఆలోచించదగిన విషయం.