‘వెనుకకు’ మీట – సర్వర్ ఆధారిత అనువర్తనాలలో దాని అమలు

బ్రౌజరులో ‘వెనుకకు’ మీట నొక్కిన సంగతి సర్వరుకు తనంతట తెలియదు. చూసిన పుటల వరుస బ్రౌజరు వద్దనే ఉంటుంది. ఆ వరుసను సర్వరు సెషన్‌లో మరల నిర్మించబూనడం వృథాప్రయాస. వాడుకరి రెండు ట్యాబులు తెరిస్తే చాలు, అది కలగాపులగమవుతుంది.

నిఘంటు శోధననే తీసుకుందాం. వెదకిన పదం, ఫలితాల పుటసంఖ్య యూఆర్‌ఎల్‌లోనే ఉండాలి. అందుకు ‘గెట్’ పద్ధతి తగినది. అప్పుడు ఒక పదానికి అర్థం చూసి వెనుదిరిగిన పరిశోధకునికి తన ఫలితాల పుటే తిరిగి లభిస్తుంది.

వ్యాస సమర్పణకు ‘పోస్ట్’ తప్పదు. దానికి బదులుగా నేరుగా పుటను పంపితే, ఆ పుటను మరల తెరిచినప్పుడు అదే వ్యాసం రెండవసారి నమోదయ్యే ప్రమాదముంది. కనుక నమోదు కాగానే 303 స్థితిసంకేతంతో వేరొక చిరునామాకు మళ్ళించాలి. అయినా వెనుకకు వెళ్ళి ఫారాన్ని మరల పంపేవారుంటారు. ఒక్కసారి మాత్రమే చెల్లే గుర్తును ప్రతి ఫారంలోనూ ఉంచి, సర్వరు దానిని సరిచూడాలి.