కోలారు సీమలో నర్సుల శిక్షణయు, తదనంతర జీవనమును

కోలారు మండలము పాలనరీత్యా కర్ణాటకమునకు చెందినదైనను, ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతములలో ఇంటను సంతలోను వినవచ్చు పలుకు పెక్కుచోట్ల తెలుగే. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక మండలముగా విడిపోవుటకు పూర్వము చింతామణి, బాగేపల్లి, గుడిబండ తాలూకాలు కూడ ఈ మండలములోనివే. భూగర్భము సైతము రాష్ట్రపు పొలిమేరను పాటించినట్లు లేదు. స్వర్ణశిలల పట్టీ కోలారు గనులనుండి దక్షిణముగా సాగి చిత్తూరు సీమలోని చిగురుగుంట, బిసానత్తముల వరకు పోవుచున్నది. ఈ బంగారమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఆ గనులలో గాయపడినవారికి కట్టు కట్టినవారిని గూర్చియు, గనులకు ఆవలనున్న పల్లెలలో పురుడు పోసినవారిని గూర్చియు వ్రాసినవారు చాల తక్కువ.

నర్సుల పాఠశాలను వర్ణించువారు సాధారణముగా స్థాపన సంవత్సరమును, పడకల సంఖ్యను, ఉత్తీర్ణుల సంఖ్యను చెప్పి విరమింతురు. పాఠశాల నిజముగా ఏమి సాధించినదో తెలియవలెనన్నచో, పట్టా పుచ్చుకొన్న పిమ్మట ఆ యువతులు ఎచ్చటికి పోయిరి, ఏ పని చేసిరి, ఎన్నాళ్లు చేసిరి అను విషయములను విచారింపవలెను. ఇందుకు మూడు విధములైన ఆధారములు కలవు. మొదటిది పాఠశాలవారు ఉంచుకొను ఉత్తీర్ణుల పట్టిక. రెండవది పూర్వవిద్యార్థినుల సంఘములు ప్రకటించుకొను వార్తలు: ఒకామె ప్రధాన నర్సు అయినది, ఒకామె వివాహమై ఊరు మారినది, ఒకామెకు కుమారుడు కలిగెను, ఒకామె విదేశమునకు ప్రయాణమైనది, ఇట్టి ఒక్కొక్క పంక్తి మాత్రమే. మూడవది రాష్ట్ర నర్సుల మండలి వహించు రిజిస్టరు. మొదటిది పాఠశాల ద్వారమువద్ద ఆగిపోవును. రెండవది వ్రాసి పంపినవారిని మాత్రమే ఎరుగును. కష్టములో ఉన్నవారు వార్తలు వ్రాయుట అరుదు. మూడవదానికి చట్టబలము కలదు గాని, అది పేరును ఎరిగినంతగా మనిషిని ఎరుగదు. కోలారు సీమ విషయమున ఈ మూడవ ఆధారమునకు మరియొక చిక్కు కలదు. దానిని ముందు చూతము.

కోలారులో ఆధునిక స్త్రీవైద్యమునకు మూలము కరవు అని చెప్పవచ్చును. 1876-78 సంవత్సరముల మహాక్షామమున మైసూరు రాజ్యము అల్లాడినప్పుడు, లూయిసా ఆన్స్టే అను ఆంగ్లవనిత కోలారులో అనాథశరణాలయమును నడపెను. ఆమె స్థాపించిన సంస్థలు 1890 ప్రాంతమున అమెరికను మెథడిస్టు మిషను హస్తగతమయ్యెను. 20వ శతాబ్ది తొలినాళ్లలో ఆ మిషనుయొక్క స్త్రీల సంఘము ఎలెన్ థోబర్న్ కోవెన్ స్మారక వైద్యశాలను నెలకొల్పెను. ఈ.టి.సి.ఎం. అను పొట్టిపేరుతో కోలారు పట్టణమున అందరును ఎరిగినది ఇదియే. నర్సుల శిక్షణయు ఈ వైద్యశాలలోనే సాగినది.

ఆనాడు నర్సుపనికి బాలికలు దొరకుట కష్టము. పరుల మలమూత్రములను ముట్టు పని, రాత్రిపూట ఇల్లు విడిచియుండు పని, పరపురుషులకు ఉపచారము చేయు పని అని హిందూ కుటుంబములు దీనికి ఒప్పుకొనెడివి కావు. దేశమందంతటను తొలితరమున ఈ శిక్షణకు వచ్చినవారు అధికముగా క్రైస్తవ బాలికలు, ఆంగ్లో ఇండియను వనితలు. మాటకూడ స్థిరపడుటకు కాలము పట్టినది. దాది అనిన పాలిచ్చునది. మంత్రసాని అనిన పురుడు పోయునది. పరిచారిక అనిన పుస్తకములలోని మాట. చివరకు జనులు ఇంగ్లీషు నర్సునకు అమ్మను చేర్చి నర్సమ్మ అనిరి. సంఘము గౌరవమీయుటకు వెనుకాడిన రోజులలోనే భాష గౌరవము నిచ్చినది.

మిషను వైద్యశాలలు చిన్నవి, చెదురుమదురుగా ఉన్నవి. కావున ప్రతి పాఠశాలయు తన విద్యార్థినులను తానే పరీక్షించుకొన్నచో పట్టాకు విలువ యుండదని గ్రహించి, దక్షిణదేశపు మిషను వైద్యశాలలు ఉమ్మడి పరీక్షామండలిని ఏర్పరచుకొనెను. ఇంగ్లీషు రాని బాలికలకు దేశభాషలలో బోధించు తక్కువ తరగతి శిక్షణయు పెక్కుచోట్ల ఉండెడిది. మూడేండ్లో అంతకు మించియో ఉండు శిక్షణాకాలమున పాఠము చెప్పుకొనిన గంటలకంటె వార్డులో నిలుచున్న గంటలే ఎక్కువ. పక్క సవరించుట, నాడి చూచుట, జ్వరపట్టిక వ్రాయుట, పరికరములను మరగబెట్టుట, రాత్రి కాపలా, ఇవియే పాఠములు. విద్యార్థిని ఒకవిధముగా వైద్యశాలకు జీతములేని పనిమనిషి. ఈ విమర్శ తరువాతికాలపు ప్రభుత్వసంఘములు కూడ చేసినదే.

కోలారునకు కొద్దిదూరమున స్వర్ణక్షేత్రపు జీవితము వేరు. 1880 నుండి జాన్ టేలరు కంపెనీవారి యాజమాన్యమున మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాము, నందిదుర్గ గనులు పెరిగి, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. కంపెనీకి సొంత వైద్యశాల కలదు. అచ్చటి నర్సు చూచిన రోగములు పల్లెవైద్యశాలలో కానరానివి. అంతటి లోతున రాతిపై ఒత్తిడి హెచ్చి, బండ ఒక్కసారిగా పగిలి ఎగజిమ్ముట ఈ గనులకు అలవాటైన ప్రమాదము. అట్టి దినమున నలిగిన అవయవములు, విరిగిన వెన్నెముకలు ఒక్కమారుగా వార్డునకు వచ్చును. అంతకంటె నెమ్మదిగా చంపునది రాతిధూళి. 1940-46 మధ్య కాప్లాన్, బర్డన్ అను వైద్యులు ఈ గనులలో 7,653 మంది పనివారిని పరీక్షింపగా, నూటికి 43.7 మందికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి కానవచ్చెను. దీనికి మందు లేదు. ఇట్టి ఊపిరితిత్తులు క్షయకు సులభముగా లోబడును. దగ్గు వినగానే ఏది ధూళి, ఏది క్షయ అని సందేహింపవలసిన ఊరిలో నర్సు చేయగల పని ఓపికతో ప్రాణవాయువు పట్టుట, కఫము పరీక్షకు పంపుట, ఇంటివారికి జాగ్రత్తలు చెప్పుట. రోగి అరవము మాటలాడవచ్చును, తెలుగు మాటలాడవచ్చును, కన్నడము మాటలాడవచ్చును. నొప్పి ఎచ్చట అను ప్రశ్నను మూడు భాషలలో అడుగ నేర్చుట పాఠ్యపట్టికలో లేని పాఠము.

క్షయను గూర్చి చెప్పినప్పుడు పొరుగుననే ఉన్న ఆరోగ్యవరమును విడువరాదు. మదనపల్లె సమీపమున 1915లో స్థిరపడిన ఈ క్షయచికిత్సాలయమున డాక్టరు ఫ్రిమోట్-మొల్లరు ఆధ్వర్యమున చికిత్స అనగా విశ్రాంతి, మంచిగాలి, మంచి ఆహారము, నెలలకొలది నర్సు పర్యవేక్షణ. 1959లో ప్రకటితమైన మద్రాసు పరిశోధన ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. మందులు క్రమముగా పుచ్చుకొన్నచో ఇంటియందే ఉండి నయము చేసికొన్నవారికిని, చికిత్సాలయమున ఉండి నయము చేసికొన్నవారికిని ఫలితమున భేదము లేదని అది తేల్చెను. అదే సంవత్సరము బెంగుళూరులో జాతీయ క్షయసంస్థ వెలసెను. నర్సులలో ఒక వర్గమునకు దీనివలన పని మారినది. రోగి తన పడకవద్దకు వచ్చుట పోయి, తానే రోగి గుమ్మమువద్దకు పోవుట వచ్చినది. మాత్రలు మ్రింగినారా లేదా అని లెక్కచూచుట వైద్యమున భాగమైనది.

దేశము మొత్తమున స్థితి ఎట్లుండెనో 1946లో భోర్ సంఘపు నివేదిక చెప్పినది. బ్రిటిషు ఇండియాలో నర్సులు సుమారు 7,000 మంది. 43,000 మంది జనులకు ఒక నర్సు. స్వాతంత్ర్యానంతరము ఈ కొరత తీర్చుటకు మార్గములు రెండుగా చీలినవి. ఒకటి 1946లో ఢిల్లీలోను వెల్లూరులోను ప్రారంభమైన నర్సింగు పట్టభద్రశిక్షణ. రెండవది 1950 తరువాత వచ్చిన ఏ.ఎన్.ఎం. శిక్షణ, అనగా తక్కువకాలములో పల్లెకు పంపదగిన సహాయక నర్సు మంత్రసాని. కోలారు సీమకు వెల్లూరు దూరము కాదు. చదువు, ఇంగ్లీషు, ఇంటివారి అనుమతి ఉన్న బాలికకు మొదటిది అందుబాటులో ఉండెను; పల్లెటూరి తెలుగు బాలికకు రెండవదియే దారి. ఆ తరువాతి జీవితములును అట్లే చీలినవి. మొదటి త్రోవన పోయినవారు వార్డు సిస్టరు, సూపరింటెండెంటు, బోధకురాలు కాగలరు. రెండవ త్రోవన పోయినవారు ఒక ఉపకేంద్రమున 5,000 మంది జనాభాకు టీకాలు, పురుళ్లు, గర్భిణీల లెక్కలు చూచుచు అచ్చటనే ఉద్యోగవిరమణ చేయుట సాధారణము. పూర్వవిద్యార్థినుల వార్తలలో కానవచ్చు పేర్లు తరచుగా మొదటివారివే. ఊరివారికి ముఖములు తెలిసినది రెండవవారివి.

ఇక రిజిస్టరు మాట. నర్సు పట్టా పొందినంతమాత్రమున పని చేయరాదు. రాష్ట్రమండలిలో పేరు నమోదు కావలెను. మద్రాసు రాష్ట్రమున 1926లోనే దీనికి చట్టము పుట్టెను. చిత్తూరు మండలము అప్పుడు మద్రాసులోనిది. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మటను ఆ చట్టమే మార్పులతో అచ్చట నిలిచినది. కోలారు మైసూరు సంస్థానములోనిది. 1956 తరువాతి విశాల మైసూరు 1961లో నర్సులు, మంత్రసానులు, ఆరోగ్యసందర్శకుల చట్టమును చేసికొనెను. తెలుగువారి సంబంధములు, బంధుత్వములు మాత్రము పొలిమేరకు ఇరువైపుల ఉన్నవి. కోలారులో చదివిన బాలికను కుప్పము, పలమనేరు, పుంగనూరులలో ఇచ్చుట, అటునుండి ఇటు తెచ్చుకొనుట నిత్యము జరుగు విషయము. మేనమామ ఇంటికి పోవుటకు గంట ప్రయాణము చాలును. నర్సుగా పనిచేయుటకు పోవలెనన్న బెంగుళూరులోని మండలినుండి అభ్యంతరములేమి పత్రము తెచ్చి, రుసుము చెల్లించి, రెండవ రాష్ట్రమండలిలో పేరు వ్రాయించుకొనవలెను.

చట్టమున దీనికి మందు లేకపోలేదు. 1947 నాటి భారతీయ నర్సింగు మండలి చట్టము ఒక రాష్ట్రపు గుర్తింపుపొందిన అర్హతను తక్కిన రాష్ట్రములును అంగీకరించునట్లు చేసినది. 1957 సవరణ అఖిలభారత రిజిస్టరును ఉద్దేశించినది. అర్హత చెల్లుట ఒకటి, పేరు మారుట మరొకటి. వివాహముతో ఇంటిపేరు మారును, ఊరు మారును, కొన్నేండ్లు పని మానుటయు జరుగును. ఆ మీదట మరల పనికి రాదలచినామె పాత పేరున ఉన్న పట్టాను, క్రొత్త పేరున ఉన్న గుర్తింపును జోడించి చూపుకొనవలెను. ఈ శ్రమకు జంకి, పొలిమేర దాటిన నర్సు నమోదు లేక చిన్న ప్రైవేటు వైద్యశాలలో తక్కువ జీతమునకు కుదురుకొన్నచో ఆశ్చర్యపడవలసినది లేదు. ఆమె పేరు విడిచివచ్చిన రాష్ట్రపు లెక్కలో నర్సుగా నిలిచియుండును. పని చేయుచున్న రాష్ట్రపు లెక్కలో ఆమె లేదు. ఇట్టివారిని గణించు పద్ధతి చిరకాలము లేకపోవుటయే ఈ సీమలోని పాఠశాలల చరిత్రకు పెద్ద లోపము.

2001 ఫిబ్రవరి 28న స్వర్ణక్షేత్రపు గనులు మూతపడెను. 1956లో మైసూరు ప్రభుత్వమునకు, 1962లో కేంద్రమునకు చేతులు మారిన గనులు చివరకు భారత్ గోల్డ్ మైన్స్ అను సంస్థ క్రింద ఆగిపోయినవి. గనితో బ్రతికిన వైద్యశాలయు పూర్వపు స్థితిని కోల్పోయెను. తెల్లవారకముందే మారికుప్పమునుండి బయలుదేరు రైలెక్కి బెంగుళూరుకు పనికి పోవుట రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వాసులకు జీవనమైనది. ఇంటిలోని పురుషుని జీతము పోయినప్పుడు కూతురి నర్సుపట్టా ఆధారమగుట సహజము. ఒకప్పుడు సిగ్గుపడిన చదువునకే ఇప్పుడు అప్పు చేసి పంపుట ఈ తరమున కానవచ్చిన మార్పు. అదే కాలమున కర్ణాటకమున నర్సింగు కళాశాలలు విపరీతముగా పెరిగినవి. కోలారు ప్రక్కన టమకలో 1986లో వెలసిన దేవరాజ అరసు వైద్యకళాశాలవారి ఆధ్వర్యమునను నర్సింగు కళాశాల కలదు. రాష్ట్రపు కళాశాలలలో కేరళనుండి వచ్చిన విద్యార్థినులు పెద్దసంఖ్యలో చేరిరి. పట్టా ఇచ్చట, ఉద్యోగము గల్ఫులోనో విలాయతులోనో అనునది వారి లెక్క. 2015లో కేంద్రప్రభుత్వము గల్ఫు మొదలగు కొన్ని దేశములకు నర్సులను ప్రభుత్వసంస్థలద్వారా మాత్రమే పంపవలెనని నియమించుటకు కారణము దళారుల దోపిడియే.

దేశమున ఉండిపోయినవారి జీతముల సంగతి సుప్రీముకోర్టువరకు పోయినది. 2016లో కోర్టు ఆదేశముపై ఏర్పడిన సంఘము, 50 పడకలకు తక్కువైన ప్రైవేటు వైద్యశాలలో సైతము నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు, 200 పడకలకు మించినచోట ప్రభుత్వపు నర్సుతో సమముగా ఇయ్యవలెననియు సూచించెను. సూచన రాష్ట్రములు అమలు పెట్టవలసినది. చిన్న పట్టణపు చిన్న వైద్యశాలలో దీనిని అడుగుటకు నర్సు జంకునన్నది వేరుగ చెప్పనక్కరలేదు. నమోదు సరిగా లేనిచో అసలు అడుగలేదు.

2022 నాటి ప్రభుత్వపు లెక్కలలో దేశమున నమోదైన నర్సింగు సిబ్బంది 33 లక్షలకు పైగా. 7,000 మంది నుండి ఇంతకు పెరుగుట గొప్పయే. అందు పోయినవారు, మానినవారు, విదేశములకు వెళ్లినవారు, రెండు రాష్ట్రములలో రెండుమార్లు లెక్కకు వచ్చినవారు ఎందరన్నది పాతపద్ధతి రిజిస్టరు చెప్పజాలదు. ఇందుకే నర్సింగు మండలి ప్రతి నర్సునకు ఒకే సంఖ్యనిచ్చి, ఆమె ఏ రాష్ట్రమునకు మారినను ఆ సంఖ్య వెంటవచ్చునట్లు సజీవ రిజిస్టరును ఆరంభించెను. 1947 చట్టమునకు బదులుగా 2023లో చేయబడిన జాతీయ నర్సింగు, మంత్రసానివృత్తి కమిషను చట్టముకూడ జాతీయ రిజిస్టరును విధించుచున్నది. బంగారుపేట కూడలిలో రైలు మారి, పొలిమేర దాటి కుప్పములో దిగు నర్సునకు దీనివలన కలుగవలసిన సౌకర్యము చిన్నదే: ఆమె పేరు ఆమెతోపాటే రైలు దిగవలెను.