సమస్యాత్మక ప్రవర్తన గల కౌమారులు – ఆవాస సంరక్షణ: ఒక పరిశీలన

కీలకపదాలు: కౌమారం, ఆవాస సంరక్షణ, ఐఖ్‌హోర్న్, రెడ్ల్, బాలల న్యాయచట్టం.

1. ఉపోద్ఘాతం

ఇంట్లోనూ బడిలోనూ మాట వినని పిల్లవాణ్ణి హాస్టల్లో వేస్తే దారికి వస్తాడన్న నమ్మకం మన సమాజంలో బలంగా ఉంది. ఈ నమ్మకంలో ఆవాసమంటే కఠిన క్రమశిక్షణే. దాడి చేయడం, వస్తువులను పగలగొట్టడం, తనను తాను గాయపరచుకోవడం, పదేపదే పారిపోవడం వంటి ప్రవర్తనలకు శిక్షే మందని అది భావిస్తుంది. బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టం, 2015లోని 82వ సెక్షన్ బాలల సంరక్షణ సంస్థల్లో శారీరక దండనను నేరంగా పేర్కొంది. మొదటిసారి నేరం రుజువైతే 10,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతిసారీ మూడు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చు. అయితే బెత్తం వదిలిన సంరక్షకుడు దాని స్థానంలో ఏం చేయాలి? ఈ ప్రశ్నకు రెండు ప్రయోగాల ఆధారంగా సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఐఖ్‌హోర్న్ ప్రయోగం

వియన్నాకు చెందిన ఉపాధ్యాయుడు ఆగస్ట్ ఐఖ్‌హోర్న్ 1918లో ఆస్ట్రియాలోని ఓబర్‌హోల్లాబ్రున్‌లో దారితప్పిన బాలల కోసం ఆవాసం ప్రారంభించారు. ఆ అనుభవాలతో 1925లో వెలువడిన ఆయన గ్రంథానికి ఫ్రాయిడ్ ముందుమాట రాశారు. బాలలను సమస్యల స్వభావాన్ని బట్టి బృందాలుగా విభజించినప్పుడు, అత్యంత దూకుడు గలవారు ఒక బృందంగా మిగిలారు. వారి బాధ్యతను ఆయనే స్వీకరించారు. గాయాలు కాకుండా చూడటం తప్ప, వారి దూకుడుకు ప్రతిగా ఎవరూ దూకుడు చూపరాదని నిర్ణయించారు. మొదట విధ్వంసం మరింత పెరిగింది. క్రమంగా ఆ కోపం పైపై ప్రదర్శనగా మారి, చివరకు కన్నీళ్లుగా కరిగింది. దెబ్బల మధ్య పెరిగిన ఆ బాలలు పెద్దల నుంచి దెబ్బలనే ఆశించారు. ఆ అంచనా తప్పినప్పుడే కొత్త అనుబంధానికి చోటు దొరికింది.

3. రెడ్ల్ ప్రయోగం

వియన్నాలో శిక్షణ పొందిన ఫ్రిట్జ్ రెడ్ల్, డేవిడ్ వైన్‌మన్‌తో కలిసి 1946–48 మధ్య అమెరికాలోని డెట్రాయిట్‌లో ‘పయనీర్ హౌస్’ నడిపారు. అక్కడి బాలలు కౌమారానికి ముందు దశలోనివారు. సహనమంటే హద్దులు లేకపోవడం కాదని ఈ ప్రయోగం స్పష్టం చేసింది. కోపావేశంలో ఉన్న బాలుణ్ణి పెద్దలు పట్టి ఆపేవారు. అది శిక్ష కాదు, రక్షణ. ఆవేశం చల్లారాక, రోజూ అతనితో గడిపే వ్యక్తే జరిగినదాని గురించి అతనితో మాట్లాడాలని రెడ్ల్ భావించారు. వారం తర్వాత సలహాదారు గదిలో జరిగే సంభాషణకు ఈ శక్తి ఉండదు. నిద్ర లేపడం, అన్నం వడ్డించడం, ఆట ఆపించడం వంటి నిత్యకృత్యాలన్నీ ఈ దృష్టిలో చికిత్సా సందర్భాలే. నిధులు కొరవడి ఆ గృహం మూతపడింది.

4. మన చట్టం – అన్వయం

మన చట్టం సంస్థాగత సంరక్షణను చివరి ప్రత్యామ్నాయంగానే చూస్తుంది (సెక్షన్ 3). ప్రతి బాలునికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికను (సెక్షన్ 39), పద్దెనిమిదేళ్లు నిండి సంస్థను వీడేవారికి ఆర్థిక సహాయాన్ని (సెక్షన్ 46) నిర్దేశిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని బాలల గృహాలకూ పరిశీలనా గృహాలకూ ఇవే వర్తిస్తాయి. అయితే ప్రణాళిక కాగితంపై ఎంత బాగున్నా, దాన్ని బాలుని అనుభవంలోకి తెచ్చేది రాత్రి విధుల్లో ఉండే సంరక్షకుడే.

5. ముగింపు

దండన నిషేధం అవసరమే కానీ అది సంరక్షణకు ఆరంభం మాత్రమే. రెచ్చగొట్టినా రెచ్చిపోని నిలకడ, కోపం లేని హద్దు, సంఘటన వెంబడే సంభాషణ – ఈ మూడూ సాధనతో అలవడే నైపుణ్యాలు. అందువల్ల ఆవాస గృహాల్లో వార్డెన్లు, సంరక్షకుల శిక్షణ, వారి పనిభారం, వారికి లభించే మానసిక మద్దతు ప్రత్యేక పరిశోధనాంశాలు కావలసి ఉంది.