అమెరికా చదువు - ఇంటి లెక్క

అబ్బాయి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతుండగానే మన ఇళ్ళల్లో అమెరికా ప్రస్తావన మొదలవుతుంది. ఏ ఊళ్ళో చలి ఎక్కువ, ఏ యూనివర్శిటీకి పేరు ఎక్కువ - ఇవి వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు. డబ్బు సంగతి మాత్రం "ఏముందండీ, బ్యాంకి అప్పిస్తుంది, వెళ్ళాక వాడే తీర్చుకుంటాడు" అన్న ఒక్క మాటతో సరి. ఆ మాటను కాస్త విప్పి చూద్దాం.

సీటిచ్చిన విశ్వవిద్యాలయం ఐ-20 అనే కాగితం పంపుతుంది. వీసాకు అదే ఆధారం. ఫీజు, బస, భోజనం, ఆరోగ్య బీమా కలిపి ఇంత ఖర్చని అందులో అంకె వేస్తారు. చాలామంది తల్లిదండ్రులు గమనించనిదేమంటే, ఆ అంకె సాధారణంగా ఒక్క విద్యాసంవత్సరానిదే. ఎం.ఎస్. చదువు చాలాచోట్ల రెండేళ్ళు! రెండో ఏటి సొమ్ము సంగతి వీసా ఆఫీసరు అడగకపోవచ్చు, ఇంట్లోవాళ్ళు అడగాలి.

మాటవరసకు నలభై లక్షలు అప్పు, నూటికి ఏటా 11 వడ్డీ అనుకుందాం. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టనక్కరలేదని మన బ్యాంకులు చాలావరకు ఒప్పుకుంటాయి. కట్టనక్కరలేదంటే వడ్డీ ఆగిందని కాదు. మొత్తం మొదటే తీసుకుంటే మూడేళ్ళకు బారువడ్డీయే 13 లక్షల 20 వేలు. అసలుతో కలిసి 53 లక్షల 20 వేలు. పదేళ్ళల్లో తీర్చాలంటే నెలకు సుమారు 73 వేలు! విడతలుగా తీసుకుంటే కొంత తగ్గుతుంది, నిజమే. వీసా కోసం చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణాలు మొక్కి, వచ్చాక 108 చేసేవారిని తప్పుపట్టను గాని, బ్యాంకి ప్రదక్షిణాలు 120.

ఇక రూపాయి సంగతి. కట్టవలసింది 50 వేల డాలర్లయితే, డాలరు ఒక్క రూపాయి పెరిగినా మన మీద పడేది 50 వేలు.

"అక్కడ ఏదో పని చేసుకుంటాడులెండి" అంటారు. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ కాలేజీ ఆవరణలోనే - చట్టం ఇచ్చిన వీలు అంతే. గంటకు 12 డాలర్లు వచ్చినా వారానికి 240. గది అద్దెకూ తిండికీ సరిపోతే గొప్పే. అప్పు తీర్చే మాట కల్ల. బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపని చేసి చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని కొందరు ఉదాహరిస్తారు. ఆయన వెళ్ళింది 1920ల తొలి రోజుల్లో. అప్పటికి ఈ ఎఫ్-1 వీసాయే లేదు. ఈనాడు చాటుగా పెట్రోలు బంకులోనో, హోటల్లోనో పనిచేసి పట్టుబడితే చదువే పోతుంది.

అప్పు భయానికి ఎర వేసేవాళ్ళూ ఉన్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్శిటీ మూతబడినప్పుడు మన పిల్లలు వందలమంది నడివీధిలో నిలబడ్డారు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్‌టన్ యూనివర్శిటీ మరీ విడ్డూరం. తరగతులు లేవు, పంతుళ్ళు లేరు. దాన్ని పెట్టినవారు అక్కడి ప్రభుత్వాధికారులే! క్లాసులకు పోకుండా సంపాదించవచ్చుననే ఆశే ఈ రెండుచోట్లా గాలం.

పట్టా పుచ్చుకున్నాక ఏడాది పని చేయనిస్తారు. సైన్సు, ఇంజనీరింగు వారికి మరో రెండేళ్ళు. తరువాత కావలసిన హెచ్-1బి వీసాలు కంపెనీలకు ఏటా 85 వేలే. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము కూడా ప్రకటించారు. చేరేనాటి నిబంధన పట్టా నాటికి ఉంటుందని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టరాదు.

ఆగస్టు తరగతులకు దరఖాస్తులు చాలాచోట్ల అంతకుముందు డిసెంబరు, జనవరి నెలల్లోనే ముగుస్తాయి. కాబట్టి ఇంటిల్లిపాదీ కూర్చోవలసింది ముందటి వేసవిలో. తండ్రి రిటైరయ్యే సంవత్సరం, చెల్లెలి చదువుకని దాచింది, ఇల్లు ఎవరి పేర ఉన్నదీ - అన్నీ ఒక్క కాగితం మీద వ్రాసి అబ్బాయి చేతికే ఇవ్వండి. అది చూశాక జర్మనీ వైపు తిరిగినా తిరగవచ్చు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఫీజు లేదు. 2024 సెప్టెంబరునుంచి ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే ఖాతాలో వేసి చూపాలి. నెలకు 992 చొప్పున వాడుకోనిస్తారు. జర్మన్ భాష మాత్రం ఇక్కడే కొంత నేర్చుకుని బయలుదేరడం మేలు.