శిక్ష జాతికా... యజమానికా?

రాట్‌వీలర్, పిట్‌బుల్ వంటి జాతుల కుక్కలన్నింటికీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాల్సిందే అన్న ఆదేశం 2024లో దేశమంతా కలకలం రేపింది. హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. ఎందుకు? కుక్కల్ని ప్రాణంగా పెంచుకునేవాళ్లూ, వాటిని చూస్తేనే హడలిపోయేవాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎటు తిరిగినా అపార్ట్‌మెంట్లే. మూడో అంతస్తులో ఒకరి రాట్‌వీలర్. నాలుగో అంతస్తులో స్కూలుకెళ్లే పిల్లలు. లిఫ్టు మాత్రం ఒక్కటే! ‘మావాడు ఏమీ చెయ్యడండీ’ అని వాళ్లూ, ‘అయినా మా భయం మాది’ అని వీళ్లూ. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇలాంటి పేచీ తేల్చడానికి ‘ఫలానా జాతి’ అని ఒక జాబితా రాసేస్తే సరిపోతుందా? అసలు ప్రశ్న అదే.

ఆ ఉత్తర్వు వెనక...

2022 జులైలో లక్నోలో ఓ వృద్ధురాలు సొంతింట్లోనే పెంపుడు పిట్‌బుల్ దాడికి బలైపోయింది. దేశం ఉలిక్కిపడింది. ఆ ఏడాది అక్టోబరులో ఘజియాబాద్ నగర పాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో జాతుల పెంపకాన్ని నిషేధించింది. అప్పటికే ఉన్నవాటికి రెండు నెలల్లో ఆపరేషన్ చేయించాలని గడువు పెట్టింది.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ అదే బాట పట్టింది. 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని, స్థానిక సంస్థలు వాటికి లైసెన్సులు ఇవ్వకూడదని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలంది. రాట్‌వీలర్, పిట్‌బుల్ టెర్రియర్, అకితా, కేన్ కోర్సో... ఇలా సాగిన జాబితాలో వాటి సంకర జాతులనూ చేర్చింది.

కోర్టు ఏమంది?

కుక్కల యజమానులు, శిక్షకులు కోర్టు మెట్లెక్కారు. 2024 ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఈ ఉత్తర్వును కొట్టేసింది. సిఫార్సు చేసిన కమిటీ కూర్పు సరిగా లేదని, సంబంధం ఉన్నవారి వాదన వినలేదని తప్పుబట్టింది. నిబంధనల ప్రకారం అందరినీ సంప్రదించి కొత్తగా నిర్ణయం తీసుకోవచ్చని కూడా చెప్పింది. అదే నెలలో ఢిల్లీ హైకోర్టూ దాన్ని పక్కన పెట్టింది. మే నెలలో కేంద్రం ప్రజల అభిప్రాయాలు కోరింది. అంటే... జాతుల జాబితా అనే ఆలోచన మళ్లీ ఎప్పుడైనా తలుపు తట్టవచ్చు.

చూసి చెప్పగలమా?

తలుపు తట్టిన మున్సిపల్ సిబ్బంది ఎదురుగా ఉన్న కుక్క ఏ జాతిదో ఎలా తేలుస్తారు? స్వచ్ఛమైన రాట్‌వీలర్ అయితే సరే. లాబ్రడార్‌తో కలిసిన సంకరమైతే? నలుపు, గోధుమ రంగున్న ప్రతి కుక్కా రాట్‌వీలర్ కాదు. వెడల్పాటి తలకాయ ఉన్నదల్లా పిట్‌బుల్ కాదు.

స్వభావం సంగతి ఇంకా చిత్రం. అమెరికా శాస్త్రవేత్తలు 18 వేలకు పైగా కుక్కల వివరాలు సేకరించి 2022లో ‘సైన్స్’ పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించారు. కుక్కల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమేనని తేల్చారు. పెంపకం, శిక్షణ, అనుభవాల వంటివి లెక్కలోకి తీసుకోకుండా జాతి ఒక్కటే చూస్తే ఫలానా కుక్క ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం. అలాగని పెద్ద కుక్క కాటు తేలికేం కాదు. కరిస్తే గాయం లోతుగా అవుతుంది. అందుకే జాగ్రత్తా పెద్దదే కావాలి.

మరి ఆపరేషన్ మంచిది కాదా? మంచిదే! పిల్లలు వద్దనుకున్న యజమాని చేయించాల్సిందే. మగ కుక్కల్లో జత కోసం తిరుగుళ్లు తగ్గుతాయి. కానీ ఎప్పుడూ గొలుసుకు కట్టేసి, కర్రతో అదిలించి పెంచిన కుక్కలో భయం, కసి కత్తికోతతో పోవు. పైగా ఏడాది నిండకుండా ఆపరేషన్ చేసిన రాట్‌వీలర్లలో ఎముక క్యాన్సర్ ముప్పు ఎక్కువని 2002లోనే ఓ పరిశోధన తేల్చింది. ఎప్పుడు చేయాలో చెప్పాల్సింది పశువైద్యుడు, సర్క్యులర్ కాదు.

అక్కడా ఇదే గొడవ

బ్రిటన్ 1991లోనే కొన్ని జాతులను నిషేధించింది. 2023లో ఎక్స్‌ఎల్ బుల్లీని ఆ జాబితాలో చేర్చింది. నెదర్లాండ్స్ దారి వేరు. 1993లో తెచ్చిన పిట్‌బుల్ నిషేధం కాట్లను తగ్గించలేదని 2008లో వదులుకుంది. ఇటలీ 2009లో జాతుల జాబితాను పక్కనపెట్టి, బాధ్యతను యజమాని మీద పెట్టింది.

అంబర్‌పేట నేర్పిన పాఠం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ వంతెన దాటితే అంబర్‌పేట. 2023 ఫిబ్రవరి 19న అక్కడ నాలుగేళ్ల బాలుడిని కుక్కలు చంపేశాయి. అవి ఏ విదేశీ జాతివీ కావు... వీధికుక్కలు. సంతాన నియంత్రణ ముందు అవసరమైంది వీటికే. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా ఇప్పించాల్సింది స్థానిక సంస్థలే. ఎల్బీనగర్ వైపున ఫతుల్లాగూడ, ఆటోనగర్‌లలో జీహెచ్‌ఎంసీ నెలకొల్పిన కేంద్రాలు ఇందుకే. మీ వీధి కుక్క చెవి కొస కత్తిరించి ఉందా? ఆపరేషన్ అయిందని గుర్తు. గుర్తు లేనివి ఎన్నున్నాయో లెక్కపెట్టి అధికారులను అడగడం కాలనీ సంఘం చేయదగ్గ పని.

యజమానుల వంతు

జాబితా వద్దనేవాళ్లు బాధ్యత తమదని ఒప్పుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యం చూపి ఇతరుల ప్రాణాన్ని ముప్పులో పడేస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే...

* లైసెన్సు, ఏటా రేబిస్ టీకా తప్పనిసరిగా ఉండాలి.
* పెద్ద కుక్కను లిఫ్టులో, మెట్ల మీద పొట్టి తాడుతో, మూతికి బుట్టతో తీసుకెళ్లాలి.
* చిన్నపిల్లలతో కుక్కను ఒంటరిగా వదలకూడదు. తాడును పిల్లల చేతికివ్వకూడదు.
* కూన వయసు నుంచే మనుషులకు, చప్పుళ్లకు అలవాటు చేయాలి.
* ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకూడదంటారు పెద్దలు. నిజమే. కానీ ఎలుకను పట్టుకునే పూచీ ఎవరో ఒకరు తీసుకోవాలి. కుక్క పేరుకు పక్కన జాతి రాసే గడి కంటే, యజమాని సంతకం చేసే గడే ముఖ్యం.