కమాను బ్రాకెట్టు: మందం పెంచితే బలం పెరిగినట్లేనా?

పాడేరు, చింతపల్లి మన్యపు బాటలలో గాని, గఢ్వాల్ కొండదారులలో గాని జీపు నడిపి జీవనం సాగించే పాఠకులకు ఈ అనుభవం కొత్త కాదు. ఇంజను చక్కగా పని చేస్తూ ఉంటుంది. టైర్లు బాగానే ఉంటాయి. కాని వెనుక కమాను కట్టను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్టు చిట్లి, బండి ఒక ప్రక్కకు ఒరిగిపోతుంది. సంత రోజున బండి షెడ్డులో నిలిచిపోతే ఆదాయం ఆగిపోతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. కనుక అరచేతిలో పట్టే ఈ ఇనుప ముక్కను గురించి ఋణగ్రహీతలు, విడిభాగాల వర్తకులు కొంత తెలుసుకొనుట అవసరం.

ఇటువంటి సందర్భంలో సాధారణంగా వినవచ్చే సలహా ఒకటే: "ఈసారి మందపు ప్లేటుతో గట్టిగా చేయించండి." ఈ సలహాలో సగమే నిజం. మిగిలిన సగం తెలియనందువల్లనే చాలాచోట్ల కొత్త బ్రాకెట్టు నిలిచి, దాని ప్రక్కన ఛాసిస్ చిట్లుతున్నది.

బరువు ఎంత? దెబ్బ ఎంత?

కమాను కట్ట ఒక కొన స్థిరమైన బ్రాకెట్టులో పిన్నుతో బిగింపబడి ఉంటుంది. రెండవ కొన షేకిల్ అనే ఊగే లంకెకు వ్రేలాడుతుంది. బరువు పడినప్పుడు కట్ట సాగి పొడవు పెరుగుతుంది కనుక ఆ కొన కదలడానికి చోటు ఉండవలెను.

ఉదాహరణకు వెనుక కమానులపై మొత్తం 1,200 కిలోల బరువు ఉన్నదనుకొనండి. ఒక్కొక్క కట్టకు 600 కిలోలు, ఒక్కొక్క కొనకు 300 కిలోలు వస్తాయి. చక్రం గోతిలో పడినప్పుడు కలిగే దెబ్బను మూడు రెట్లుగా లెక్కిస్తే ఒక్కొక్క బ్రాకెట్టు 900 కిలోలు భరించవలెను. ఈ నిలువు బరువును మోయడం మంచి ఉక్కు బ్రాకెట్టుకు కష్టం కాదు. దానిని విరిచేది ప్రక్కవాటు తోపు. ఒక చక్రం రాతిపైకి ఎక్కి, మరొకటి గాడిలోకి దిగినప్పుడు బండి ఒరుగుతుంది. అప్పుడు బ్రాకెట్టు యొక్క రెండు చెంపలు ప్రక్కకు వంగుతాయి. ఆ వంపు వేలసార్లు జరిగిన మీదట వెల్డింగ్ అంచున వెంట్రుకవాసి బీట పుడుతుంది.

బలం ఎక్కడ చేర్చవలెను?

ప్లేటు మందం రెట్టింపైతే వంపును తట్టుకొనే బలం నాలుగు రెట్లు, బిగువు ఎనిమిది రెట్లు అవుతుంది. ఇది లాభంగానే కనిపిస్తుంది. అయితే 3 మి.మీ. మందం గల ఛాసిస్‌పై 10 మి.మీ. బ్రాకెట్టు బిగిస్తే, వంగని బ్రాకెట్టు దెబ్బనంతటినీ తన అంచు వద్దనున్న పలుచని రేకుకు అందిస్తుంది. బ్రాకెట్టును మార్చవచ్చును. ఛాసిస్‌ను మార్చుట ఎంత వ్యయమో మీకు తెలియనిది కాదు.

కనుక పాటింపదగిన సూత్రం ఇది: మందాన్ని మితంగా పెంచి, ఆకారాన్ని బలపరచి, బరువును విశాలంగా పంచవలెను. రెండు చెంపలను వెనుకవైపు ఒక అడ్డుప్లేటుతో మూసివేస్తే పెట్టె ఆకారం వచ్చి ప్రక్కవాటు తోపును తట్టుకొంటుంది. బ్రాకెట్టుకు, ఛాసిస్‌కు మధ్య బ్రాకెట్టు కంటె పొడవైన ఆధారపు ప్లేటు ఉంచి, దాని మూలలను గుండ్రంగా మలచవలెను. పదునైన మూల ఉన్నచోటే బీట మొదలవుతుంది.

తయారీలో గమనింపదగినవి

1. ఊరు పేరు లేని పాత ఇనుము వాడరాదు. ఐ.ఎస్. 2062 ప్రమాణానికి చెందిన ఇ 250 ఉక్కు ఈ పనికి సాధారణంగా చాలును. విరిగిన కమాను పట్టీని కోసి బ్రాకెట్టుగా అతికించుట పెద్ద పొరపాటు. అది పదునుపెట్టిన ఉక్కు, వెల్డింగ్ వేడికి పెళుసెక్కుతుంది.

2. పిన్ను రంధ్రాన్ని గ్యాస్‌తో కోయక డ్రిల్లుతో తొలచవలెను. అంచును చేతి గ్యాస్‌తో కోసినట్లయితే, రంధ్రం నడిమి నుండి అంచుకు రంధ్రపు వ్యాసానికి కనీసం 1.7 రెట్ల దూరం ఉండవలెను. 14 మి.మీ. రంధ్రానికి ఇది సుమారు 24 మి.మీ. అవుతుంది.

3. ముఖ్యమైన అతుకులకు 7018 రకపు రాడ్డు మేలు. అయితే అది తేమను పీల్చుకొన్నచో దాని ప్రయోజనం పోతుంది. వేడి పెట్టెలో ఉంచి ఆరబెట్టిన రాడ్డునే వాడుమని కోరండి.

4. ఛాసిస్ పై అంచుపై గాని క్రింది అంచుపై గాని అడ్డంగా వెల్డింగ్ చేయనీయకండి. వంపు ఒత్తిడి ఎక్కువగా ఉండేది అక్కడే. వీలైనంతవరకు నిలువు ముఖం మీదనే 8.8 తరగతి బోల్టులతో బిగించవలెను. ఛాసిస్ పెట్టె ఆకారంలో ఉంటే లోపల గొట్టపు ముక్కలు అమర్చవలెను, లేనిచో బోల్టు బిగించినప్పుడు రేకు నొక్కుకుపోతుంది.

5. ఛాసిస్‌లో ఇదివరకే బీట ఉంటే దాని కొన వద్ద చిన్న రంధ్రం తొలిచి, బీటను గాడిగా చెక్కి, పూర్తిగా పూడ్చిన తరువాతనే ఆధారపు ప్లేటు వేయవలెను. బీటను ప్లేటు చాటున దాచిపెట్టుట మరమ్మతు కాదు.

6. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పి, డీజిల్ ట్యాంకును, గొట్టాలను దూరంగా తొలగించవలెను. కమాను కట్టపై నిప్పురవ్వలు పడకుండ కప్పవలెను.

బిగింపు సమయంలో

పిన్ను రంధ్రం కొంచెం ముందు వెనుకలైనా ఇరుసు వంకరపోయి టైర్లు త్వరగా అరుగుతాయి. పాత బ్రాకెట్టు విప్పకముందే ఛాసిస్‌పై గుర్తులు పెట్టుకొనండి. బిగించిన తరువాత రెండు ప్రక్కల ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం కొలవండి. తరువాత మూలకు మూల కొలవండి. ఆ రెండు కొలతలు సమానంగా ఉండవలెను. రబ్బరు బుష్‌లు గల పిన్నులను బండి బరువు చక్రాలపై నిలిచిన తరువాతనే చివరిసారి బిగించవలెను. గాలిలో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి చినిగిపోతుంది. విప్పిన యూ-బోల్టులను తిరిగి వాడక కొత్తవి వేయండి. 500 కిలోమీటర్లు తిరిగిన మీదట అన్నింటినీ మరల పరీక్షించండి.

పశ్చిమ బెంగాల్‌లోని మానేభంజ్యాంగ్ నుండి 3,636 మీటర్ల ఎత్తునగల సందక్‌ఫూకు 1950ల నాటి ల్యాండ్ రోవర్లు దశాబ్దాల తరబడి రాళ్ళబాటపై ప్రయాణికులను చేరవేసిన సంగతి ప్రసిద్ధం. కంపెనీ విడిభాగాలు దొరకని ఆ బండ్లు అన్నాళ్ళు నడిచాయంటే అది స్థానిక మెకానిక్కుల చేతిపని వల్లనే. మన పల్లెలలోని షెడ్డులకు కూడ ఆ నైపుణ్యం అందరానిది కాదు.

చట్టం, బ్యాంకు

అదే కొలతలలో బలమైన బ్రాకెట్టు వేయుట మరమ్మతు. దానితోబాటు బండి ఎత్తు పెంచుట, అదనపు బరువుకై పట్టీలు చేర్చుట మార్పు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రం భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ విషయాన్ని స్పష్టపరచింది. బలమైన బ్రాకెట్టు వేసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ పత్రంలోని బరువు పరిమితి పెరగదు. బండి బ్యాంకుకు హైపోథికేషన్‌లో ఉన్నచో పెద్ద మరమ్మతుకు ముందు శాఖాధికారికి తెలుపండి. వాడిన ఉక్కు, బోల్టుల బిల్లులను భద్రపరచండి. బీమా విషయంలో ప్రశ్న వచ్చినప్పుడు అవే మీకు సాక్ష్యం.

వర్తకులకు ఒక మాట

బ్రాకెట్టు అమ్మేటప్పుడు తగిన బుష్‌లు, పిన్నులు, యూ-బోల్టులు ఒకే కట్టగా అందుబాటులో ఉంచండి. తక్కువ ధర బోల్టు కోరిన రైతుకు తలపై 8.8 గుర్తు ఎందుకు చూడవలెనో చెప్పండి. వెల్డింగ్ యంత్రం, డ్రిల్లు వంటి పరికరాలు సమకూర్చుకొనదలచిన షెడ్డు యజమానులు 2015లో ప్రారంభమైన ముద్ర ఋణాలను గురించి సమీప శాఖలో విచారించవచ్చును.

రేపు బండి తీసే ముందు ఒక్క పని చేయండి. వెనుక బ్రాకెట్టుపై మట్టిని తుడిచి, వెల్డింగ్ అంచు వెంట టార్చి వేసి చూడండి. సన్నని తుప్పు గీత కనిపిస్తే అది బీట కావచ్చును. ఆ దశలో మరమ్మతు ఒక పూట పని. విరిగిన తరువాత పోయేది ఒక వాయిదా మాత్రమే కాదు, బండిలో కూర్చున్నవారి ప్రాణాలకు కూడ అపాయమే.