అరేలియా ఆకులు రాలుస్తోందా?
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పెరళ్ళున్న ఇళ్ళు తగ్గి ఫ్లాట్లు పెరిగాక, మన తోటపని కాస్తా వరండాలోకీ, హాల్లో కిటికీ పక్కకీ వచ్చి చేరింది. అక్కడ తరచు కనిపించే మొక్కల్లో అరేలియా ఒకటి. పేరు తెలియకపోయినా మొక్కని మీరు చూసే వుంటారు. ఒక రకానికి కారెట్ ఆకులాగా సన్నగా చీలిన ఆకులుంటాయి. మరో రకానికి గుండ్రటి ఆకులు, వాటి అంచున తెల్లటి గీత. వృక్షశాస్త్రంలో దీన్ని పోలిసియాస్ అంటారుగాని, నర్సరీకి వెళ్ళి అరేలియా అంటేనే ఇస్తారు. పసిఫిక్ దీవుల వైపు మొక్క. వెచ్చదనం, గాలిలో కాస్త చెమ్మ, ఎండ నేరుగా తగలని వెలుతురు - దానికి కావలసినవి ఇవే.

ముచ్చటపడి కొని తెస్తాం. పదిరోజులు తిరక్కుండా ఆకులు జలజలా రాలడం మొదలుపెడుతుంది. "అయ్యో, దాహం వేసిందేమో" అని చెంబెడు నీళ్ళు పోస్తాం. మర్నాడు ఇంకా రాలతాయి. ఇంకో చెంబు పోస్తాం. చివరికి పుల్ల మిగులుతుంది.

ఇది నేను చేసిన పొరపాటే. మా అమ్మగారింట్లో ప్రహరీ పొడుగునా అరేలియా కంచెలా వుండేది. అమ్మ పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. తాళాలు ఇచ్చేసే రోజున ఒక చిన్న మొక్కని మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చుకున్నాను. అందమైన పింగాణీ కుండీ కొని అందులో పెట్టి, హాల్లో వుంచాను. వారం తిరిగేసరికి ఆకులన్నీ నేలమీదే. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను. మా అత్తగారు చూసి, "అది చచ్చిపోయిందమ్మాయ్, తీసి పారెయ్యి" అన్నారు. పారెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

మా ఫ్లాట్లలో మొక్కలు చూసే తాతని పిలిచి చూపించాను. ఆయన కాండాన్ని గోటితో కొంచెం గీరాడు. లోపల పచ్చగా వుంది. "బతికే వుందమ్మగారూ. దీనికి దాహం కాదు, ఊపిరాడట్లేదు" అన్నాడు. కుండీ అడుగున రంధ్రమే లేదు! మొక్కని పైకి తీస్తే వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, మెత్తబడి, కుళ్ళు వాసన కొడుతున్నాయి. తెల్లగా గట్టిగా వున్నవి మూడో నాలుగో మిగిలాయి.

అంచేత ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఆకు రాలితే వెంటనే చెంబు అందుకోకండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి గుచ్చి చూడండి. చెమ్మ తగిలితే నీళ్ళు వద్దు. పొడిగా వుంటేనే, అడుగు రంధ్రంలోంచి కారేదాకా నిండుగా పోసి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయండి. "రోజూ గ్లాసెడు" అనే లెక్క ఈ మొక్కకి పనికిరాదు. ఎండాకాలంలో మట్టి తొందరగా ఆరుతుంది, వానాకాలంలోనూ చలికాలంలోనూ ఆరదు.

మరి మట్టి సరిగ్గానే వున్నా ఆకులు రాలుతున్నాయంటారా? అరేలియాకి చోటు మారితే బెంగ. నర్సరీ నీడలోంచి మన హాల్లోకి వచ్చినా, కిటికీ మార్చినా కొన్ని ఆకులు రాలుస్తుంది. అది జబ్బు కాదు. వెలుతురున్న చోట పెట్టి నెల, నెలన్నర కదపకుండా వుంచండి. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అని తిప్పితే తేరుకోదు. ఆ సమయంలో ఎరువు కూడా వెయ్యకండి. ఏ.సి. గాలి, కూలరు గాలి సూటిగా తగిలే చోటు అసలు వద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిపూట చలి బాగా వుంటే వరండాలోంచి లోపలికి తెచ్చుకోవాలి. ఉష్ణోగ్రత 15 డిగ్రీలకి తగ్గితే దీనికి పడదు.

ఆకులు పసుపుబారి మెత్తగా రాలుతుంటే నీళ్ళు ఎక్కువైనట్టు అనుమానించండి. కొసలు ఎండి కరకరలాడుతుంటే గాలి పొడిగా వుందనో, మట్టి మరీ ఎండిపోయిందనో అనుకోవాలి. మట్టిమీద తెల్లటి పొర కట్టిందా? అది బోరునీళ్ళలోని ఉప్పు, లేదా మనం వేసిన ఎరువు తాలూకుది. కుండీని పంపు కిందపెట్టి, నీళ్ళు రెండు మూడుసార్లు నిండుగా పోసి కారిపోనివ్వండి. వాన పడినప్పుడు పట్టిన నీళ్ళయితే మరీ మంచిది.

ఆకుల అడుగున సన్నటి బూజులాంటి దారాలు, పైన సూదిమొనంత చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి పట్టిందన్నమాట. ఎండాకాలంలో, పొడిగాలిలో ఇది విజృంభిస్తుంది. కణుపుల దగ్గర దూదిపింజల్లా తెల్లగా అంటుకుని వుంటే అది పిండినల్లి. ముందు మొక్కని మిగతావాటికి దూరంగా పెట్టండి. కుళాయి కింద ఆకుల అడుగుభాగం తడిసేలా స్నానం చేయించండి. తరవాత లీటరు నీళ్ళలో టీస్పూను వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు బాగా కలిపి, సాయంత్రంపూట చల్లండి. వారానికొకసారి చొప్పున మూడు నాలుగు వారాలు చెయ్యాలి. ఒక్కసారితో గుడ్లు చావవు.

మొక్క సన్నగా, పొడుగ్గా సాగిపోతే వెలుతురు చాలడం లేదన్నమాట. కిటికీకి దగ్గరగా జరిపి, తలలు తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. తెల్ల అంచు రకంలో పూర్తిగా పచ్చటి కొమ్మ వస్తే దాన్ని మొదలుకంటా కత్తిరించాలి. వదిలేస్తే అదే బలంగా పెరిగి మొక్కంతా పచ్చబడిపోతుంది.

ఒక హెచ్చరిక. దీని ఆకురసం కొందరికి చర్మంమీద దురద పెడుతుంది. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆకు నమిలితే నోరు మండుతుంది కనక పాకే పిల్లలకి, పిల్లులకి, కుక్కలకి అందకుండా పెట్టుకోవాలి.

ఇంతకీ నా మొక్క సంగతి చెప్పలేదు కదూ. కుళ్ళిన వేళ్ళన్నీ కత్తిరించి, అడుగున రంధ్రమున్న చిన్న మట్టికుండీలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువులెరువు సమంగా కలిపి నాటాం. చిన్న కుండీ ఎందుకంటే, పెద్దదాంట్లో మట్టి త్వరగా ఆరదు. ఒక్కసారి నీళ్ళు పోసి నీడన పెట్టాం. మా తాత అంతటితో వూరుకోలేదు. పైన పచ్చిగా వున్న కొమ్మలు రెండు జానెడేసి కత్తిరించి, తడి ఇసుకలో గుచ్చాడు. "తల్లి పోయినా పిల్లలుంటాయమ్మగారూ" అన్నాడు. వానాకాలం కాబట్టి నెలన్నరకల్లా వేళ్ళు పట్టాయి. తల్లిమొక్క కూడా అయిదో వారంలో కణుపు దగ్గర ఆవగింజంత చిగురు వేసింది. అది చూసి మా అత్తగారే అందరికంటే ముందు నన్ను పిలిచారు.

ఇప్పుడు మా చెల్లెలింట్లో ఒకటుంది. మా అన్నయ్యకి ఒకటి ఇచ్చాను. మీ ఇంట్లో కూడా ఆకులు లేని పుల్ల ఒకటి చెత్తబుట్టకి సిద్ధంగా వుంటే, ఈ సాయంత్రం ఒకసారి గోటితో గీరి చూడండి.

సెలవు.